సుపేలా మేడ మీద అరుంధతి: మెరిసే చుక్కలతో ఓ ఆకాశ పాఠం

సుపేలాలో ఆకాశగంగ ఉంది. అక్కడ కూరగాయలు అమ్ముతారు. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయిలో, జీఈ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఈ బజారును అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. "ఆకాశగంగకు వెళ్లి టమాటాలు తెస్తాను" అని మా అక్క మొదటిసారి అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. అదే రోజు రాత్రి మేడ ఎక్కి తలెత్తితే నవ్వు ఆగిపోయింది. పైన అసలు ఆకాశగంగ జాడే లేదు. దీపాల కాంతి కలిసిన బూడిదరంగు ఆకాశంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చుక్కలు మాత్రం ఉన్నాయి.

నేను అక్కడికి వెళ్లింది బావగారి తమ్ముడి పెళ్లికి. వాళ్ల నాన్నగారు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో పుట్టిన ఈ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఆ తర్వాత ఉపాధి వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు భిలాయిలో చాలానే ఉన్నాయి. భాషలో హిందీ కలిసినా పెళ్లి మాత్రం మన పద్ధతిలోనే జరుగుతుంది. కాబట్టి అరుంధతీ దర్శనం కూడా ఉంటుంది.

అది వైశాఖ మాసం, రాత్రి తొమ్మిది దాటింది. పురోహితుడు వధూవరులను ఆరుబయటకు తీసుకొచ్చి ఉత్తరం వైపు చెయ్యి చూపించారు.

"అరుంధతి కనిపించిందా బాబూ?"

"కనిపించిందండీ" అన్నాడు పెళ్లికొడుకు. పెళ్లికూతురూ తలూపింది. వెనకాల నిలబడ్డవాళ్లమంతా ఆ వైపు చూసి తలలూపాం. పదకొండేళ్ల మా అక్క కూతురు మాత్రం నా చెయ్యి లాగి, "పిన్నీ, నాకు ట్యూబులైటే కనిపిస్తోంది. నీకు నిజంగా కనిపించిందా?" అని అడిగింది.

కనిపించలేదు. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన నేను కూడా అందరితోపాటు తలూపేశాను. ఆ రాత్రి ఆ పిల్లకు జవాబు చెప్పలేకపోయినందుకే తర్వాతి పది రోజులూ ఆ ఇంట్లో ఓ గోడంతా మెరిసే చుక్కలతో నిండిపోయింది.

అరుంధతి ఎంత మసక?

సప్తర్షి మండలాన్ని గరిటెలా ఊహించుకుంటే, గరిటె కాడలో మధ్య నక్షత్రం వసిష్ఠుడు. ప్రపంచం దాన్ని మిజార్ అంటుంది. దాని పక్కనే అంటుకున్నట్టుండే చిన్న చుక్క అరుంధతి, అంటే ఆల్కార్. రెండింటి మధ్య దూరం 12 ఆర్క్ నిమిషాలు, అంటే డిగ్రీలో అయిదో వంతు. ఆకాశంలో చంద్రుడి వెడల్పు సుమారు అర డిగ్రీ. అందులో సగం కూడా లేదన్నమాట. అయినా ఆరోగ్యకరమైన కంటికి ఇది కష్టమేమీ కాదు. మన కన్ను దాదాపు 1 ఆర్క్ నిమిషం దూరంలో ఉన్న రెండు చుక్కలను విడదీసి చూడగలదు. కాబట్టి చిక్కు దూరంతో కాదు, వెలుగుతో.

నక్షత్రాల వెలుగును మాగ్నిట్యూడ్ అనే కొలతతో చెబుతారు. ఈ కొలతలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. గ్రీకు కాలం నాటి ఈ పద్ధతికి 1856లో కచ్చితమైన లెక్క ఇచ్చినవాడు నార్మన్ పోగ్సన్. 5 మాగ్నిట్యూడ్‌ల తేడా అంటే వెలుగులో సరిగ్గా 100 రెట్ల తేడా అని ఆయన ప్రతిపాదించాడు. ఒక్క మాగ్నిట్యూడ్ తేడా అంటే సుమారు 2.5 రెట్లు. ఈయనే తర్వాత మద్రాసు నక్షత్రశాలకు వచ్చి, 1891లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు.

ఆ లెక్కన వసిష్ఠుడు 2.2, అరుంధతి 4.0. చీకటి పల్లెల్లో కంటికి 6 దాకా కనిపిస్తాయి. ఓ మోస్తరు పట్టణంలో ఆ హద్దు 4 దగ్గరికి వచ్చేస్తుంది. అంటే అరుంధతి సరిగ్గా గుమ్మం మీద నిలబడి ఉంది. మన ఊరి ఆకాశం ఇంకాస్త తెల్లబడితే ఆమె లోపలికి వెళ్లిపోతుంది.

ఆకాశం తెల్లబడుతూనే ఉంది. 2011 నుంచి 2022 వరకు ప్రపంచవ్యాప్తంగా సామాన్య ప్రజలు పంపిన 51 వేలకు పైగా పరిశీలనలను విశ్లేషించిన ఓ అధ్యయనం 2023లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కంటికి కనిపించే నక్షత్రాల సంఖ్యను బట్టి చూస్తే, రాత్రి ఆకాశపు కాంతి ఏడాదికి సగటున 9.6 శాతం పెరుగుతోందని అది తేల్చింది. ఒక పాప పుట్టినప్పుడు 250 నక్షత్రాలు కనిపించే చోట, ఆమెకు 18 ఏళ్లు వచ్చేసరికి 100 మాత్రమే మిగులుతాయని ఆ పరిశోధకులు లెక్క చెప్పారు.

చూడాల్సింది ఎక్కడుందో, ఎంతుందో ముందే తెలిస్తే తప్ప ఇలాంటి ఆకాశంలో అరుంధతిని పట్టుకోలేం. అందుకే ముందు ఇంట్లో ఓ ఆకాశం తయారుచేద్దామని పిల్లలతో అన్నాను. అక్క కూతురికి తోడు పక్కింటి పిల్లలు ముగ్గురు చేరారు.

రేడియం కాని రేడియం

చీకట్లో మెరిసే స్టిక్కర్ల కోసం బజారుకు వెళ్లి, "రేడియం స్టిక్కర్ ఉందా?" అని అడిగాను. బండ్ల నంబరు ప్లేట్లు రాసే దుకాణదారు ఓ చుట్ట తీసి చూపించాడు. ఇంటికి తెచ్చి చుక్కలు కత్తిరించి, గోడకు అంటించి, దీపం ఆర్పాం. చీకటి తప్ప ఏమీ లేదు. తప్పు దుకాణదారుది కాదు. అడగడం తెలియనిది నాకే.

మన ఊళ్లలో మెరిసే ప్రతిదాన్నీ రేడియం అనేస్తాం. నిజానికి ఇందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి. నంబరు ప్లేట్లకూ రోడ్డు బోర్డులకూ వేసే పొరలో సన్నటి గాజు పూసలో, చిన్న పట్టకాల్లాంటి నిర్మాణాలో ఉంటాయి. అవి తమ మీద పడిన కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. వెనక వచ్చే బండి హెడ్‌లైట్ పడితేనే వెలుగుతాయి. దీపం లేకపోతే వెలుగూ లేదు.

రెండోది పుస్తకాల్లో గీతలు గీసే హైలైటర్ పెన్ను లాంటిది. ఇది కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకొని కనిపించే రంగులో వదులుతుంది. దీపం ఆర్పిన మరుక్షణమే ఇది కూడా ఆగిపోతుంది. మూడోది మాత్రమే దీపం ఆరాక కూడా మెరుస్తూ ఉండేది. మనకు కావాల్సింది అదే. దీన్ని ఫాస్ఫారెసెన్స్ అంటారు.

మరి రేడియం మాట ఎక్కడిది? మేరీ, పియరీ క్యూరీలు 1898లో కనుగొన్న ఈ మూలకాన్ని 20వ శతాబ్దం మొదట్లో నిజంగానే జింక్ సల్ఫైడ్‌తో కలిపి గడియారాల ముళ్లకూ అంకెలకూ పూసేవారు. రేడియం నుంచి ఆగకుండా వచ్చే కణాలు జింక్ సల్ఫైడ్‌ను తాకి వెలిగించేవి. అమెరికాలో ఆ రంగు వేసిన అమ్మాయిలు కుంచె మొన సన్నబడటానికి దాన్ని పెదవులతో తడిపేవారు. అలా ఒంట్లోకి చేరిన రేడియం ఎముకల్లో తిష్ఠవేసి, చాలామంది ప్రాణాలు తీసింది. 1920ల్లో వాళ్లు నడిపిన న్యాయపోరాటం కార్మికుల భద్రత చరిత్రలో ఒక మైలురాయి. రేడియం-226 సగం తరగడానికే 1,600 ఏళ్లు పడుతుంది. ఇప్పుడు మనం కొనే పిల్లల స్టిక్కర్లలో రేడియం ఉండదు. పేరు మాత్రం మిగిలిపోయింది.

వెలుగును దాచుకునే పొడి

ఈసారి ఆన్‌లైన్‌లో చీకట్లో మెరిసే పెయింటు తెప్పించాం. ఇలాంటి మంచి రకం పెయింట్లలో ఉండేది స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పదార్థం. అందులో యూరోపియం, డిస్ప్రోసియం అనే మూలకాలను అతి తక్కువ మోతాదులో కలుపుతారు. 1990ల్లో జపాన్ పరిశోధకులు దీన్ని అభివృద్ధి చేసి, 1996లో వివరాలు ప్రచురించారు. అంతకుముందు వాడిన రాగి కలిపిన జింక్ సల్ఫైడ్ కన్నా ఇది ఎన్నో రెట్లు ఎక్కువగా, గంటల తరబడి మెరుస్తుంది.

ఎలా? కాంతి పడినప్పుడు యూరోపియం అణువులోని ఎలక్ట్రాన్ శక్తి పుంజుకొని పైకి లేస్తుంది. వెంటనే కిందికి దిగితే ఆ శక్తి కాంతిగా బయటపడుతుంది. కానీ కొన్ని ఎలక్ట్రాన్లు స్ఫటికంలో ఉండే గుంటల్లాంటి చోట్ల చిక్కుకుపోతాయి. చుట్టూ ఉన్న వేడి వాటిని అప్పుడప్పుడూ కాస్త కుదిపి బయటికి తోస్తుంది. అలా ఒక్కొక్కటే తప్పించుకొని దిగుతున్నప్పుడు ఆకుపచ్చ కాంతి వస్తుంది. అందుకే దీపం ఆరినా మెరుపు ఒక్కసారిగా పోదు, మెల్లగా తగ్గుతుంది.

ఇది నిజమో కాదో ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒకే సైజు స్టిక్కర్లు రెండింటిని ఒకే దీపం కింద పది నిమిషాలు ఉంచండి. దీపం ఆర్పగానే ఒకదాన్ని ఫ్రీజర్‌లో పెట్టి, రెండోదాన్ని బయటే ఉంచండి. అయిదు నిమిషాల తర్వాత చీకట్లో పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్రీజర్‌లోది మసకబారి ఉంటుంది. దాన్ని అరచేతిలో పట్టుకొని కాసేపు ఆగితే మళ్లీ వెలుగు పుంజుకుంటుంది. చలికి గుంటల్లో ఆగిపోయిన ఎలక్ట్రాన్లు చేతి వేడికి బయటపడ్డాయన్నమాట. మా పిల్లలు ఈ ఒక్క ప్రయోగాన్నీ ఆ సాయంత్రం ఏడుసార్లు చేశారు.

ఇంకో పరీక్ష. ఒక స్టిక్కర్‌ను ఎర్ర ఎల్‌ఈడీ కింద, ఇంకోదాన్ని నీలం ఎల్‌ఈడీ కింద ఉంచండి. ఎర్ర కాంతి ఎంత ఎక్కువసేపు పడినా స్టిక్కర్ దాదాపుగా మెరవదు. నీలం కాంతి కొద్దిసేపు పడితే చాలు. కాంతి ఫోటాన్లనే ముక్కలుగా వస్తుంది. ఎర్ర ఫోటాన్ ఒక్కొక్కదానికీ ఆ ఎలక్ట్రాన్‌ను పైకి లేపే శక్తి లేదు. అలాంటివి ఎన్ని వచ్చినా ఆ లోటు తీరదు.

ఇక్కడే ఒక పిల్లాడు మంచి ప్రశ్న వేశాడు. "నక్షత్రాలు కూడా పగలు ఎండ దాచుకొని రాత్రి మెరుస్తాయా?" లేదు. నక్షత్రం తన గర్భంలో హైడ్రోజన్ లాంటి తేలిక మూలకాలను కలుపుతూ సొంతంగా వెలుగును పుట్టిస్తుంది. చంద్రుడూ గ్రహాలూ మాత్రం నంబరు ప్లేటు లాంటివి, వేరే దీపం వెలుగునే మనకు పంపుతాయి. మన స్టిక్కర్ లాగా దాచుకొని మెరిసేది ఆ ఆకాశంలో మామూలు కంటికి కనిపించేవాటిలో ఒక్కటీ లేదు. బొమ్మ చేసేటప్పుడు ఈ తేడా పిల్లలకు చెప్పకపోతే కొత్త పొరపాటు నేర్పినవాళ్లమవుతాం.

అరుంధతి కోసం గోడంత గుడ్డ

మొదట ఓ చార్టు పేపరు తీసుకున్నాం. ఆకాశంలో 1 డిగ్రీకి కాగితం మీద 2 సెంటీమీటర్లు అనుకుంటే సప్తర్షుల ఈ కొస నుంచి ఆ కొసకు 51 సెంటీమీటర్లు. చక్కగా సరిపోయింది. కానీ ఆ కొలతలో వసిష్ఠుడి నుంచి అరుంధతికి 4 మిల్లీమీటర్లే. రెండు చుక్కలూ కలిసి ఒకే మచ్చ అయిపోయాయి. ఎవరి కోసం ఈ పని మొదలుపెట్టామో ఆమే బొమ్మలో లేదు.

కాబట్టి 1 డిగ్రీకి 5 సెంటీమీటర్లు తీసుకున్నాం. అప్పుడు అరుంధతి 1 సెంటీమీటరు దూరంలోకి వచ్చింది. మొత్తం బొమ్మ 128 సెంటీమీటర్లయింది. అక్క దగ్గరున్న పాత నల్ల దుప్పటి గోడకెక్కింది. మీరూ చేయాలనుకుంటే ఈ కొలతలు పనికొస్తాయి. గరిటె గిన్నెలో క్రతువు నుంచి పులహుడికి 27 సెంటీమీటర్లు, పులహుడి నుంచి పులస్త్యుడికి 40, పులస్త్యుడి నుంచి అత్రికి 23, అత్రి నుంచి తిరిగి క్రతువుకు 51. కాడలో అత్రి నుంచి అంగిరసుడికి 27, అంగిరసుడి నుంచి వసిష్ఠుడికి 22, వసిష్ఠుడి నుంచి మరీచికి 33. వంపులు సరిగ్గా రావాలంటే ఏదైనా నక్షత్ర పటం మీద గళ్లు గీసి, అవే గళ్లను దుప్పటి మీద సుద్దతో పెద్దవిగా గీసుకోండి. చుక్కల ముగ్గు వేసే చేతులకు ఇది చిటికెలో పని. సుద్ద గీతలు పట్టుకొని సరిచేసింది మా అక్క అత్తగారే.

చుక్కల సైజు కూడా లెక్క ప్రకారమే ఉండాలి. బజారులో దొరికే అయిదు కోణాల స్టిక్కర్లన్నీ ఒకే సైజులో ఉంటాయి. వాటితో ఆకాశం అలవడదు. పెయింటును ఒకే మందంలో పూస్తే చుక్క వెలుగు దాని వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అన్నిటికన్నా కాంతిమంతమైన అంగిరసుడికి, క్రతువుకు 11 మిల్లీమీటర్ల వ్యాసం ఇస్తే, మరీచికి 10.5, వసిష్ఠుడికి 9, పులహ పులస్త్యులకు 8, ఏడుగురిలో మసకైన అత్రికి 5.5, అరుంధతికి 4 వస్తాయి. అట్టముక్కకు ఆ సైజు రంధ్రాలు చేసి అచ్చులా వాడాం. అత్రికి ఆఫీసు పంచింగ్ మెషిన్ రంధ్రమే సరిపోయింది.

రెండు జాగ్రత్తలు. ఈ పదార్థం పొడి రూపంలో దొరికితే గాలిలో ఎగరనీయకండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. నీళ్లు తగిలితే పైపూత లేని పొడి పాడవుతుంది కూడా. పిల్లలతో చేసేటప్పుడు తయారుగా ఉన్న పెయింటే మేలు. ఇక పటాన్ని కాగితం వెనక నుంచి గుచ్చి బొమ్మ తీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. మాకూ ఓసారి అలాగే అయింది. గరిటె కాడ తప్పు వైపుకు తిరిగింది.

చుక్క సైజు వెలుగును చూపిస్తుందే గానీ నక్షత్రం సైజును కాదని కూడా చెప్పాలి. నక్షత్ర శాస్త్రజ్ఞులకూ ఇది పాత అలవాటే. గాజు ఫోటో పలకల మీద ఎక్కువ వెలుగున్న నక్షత్రం పెద్ద మచ్చగా పడేది. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా నక్షత్రశాల, ఆకాశాన్నంతా ఫోటోలు తీసి పటం గీయాలన్న అంతర్జాతీయ ప్రయత్నంలో పాలుపంచుకుంది. దానికి అప్పగించిన భాగాల్లో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ ఒకటి. అక్కడివాళ్లు ఏళ్ల తరబడి లక్షలాది మచ్చల స్థానాన్నీ వెలుగునూ కొలిచి జాబితాలు ప్రచురించారు. దుప్పటి మీద ఎనిమిది చుక్కలు పెట్టడానికే మాకు రెండు సాయంత్రాలు పట్టాయి.

పెయింటు ఆరాక దుప్పటిని పది నిమిషాలు ఎండ చూపించి, గది చీకటి చేశాం. గోడకు 2.9 మీటర్ల దూరంలో సుద్దతో ఓ గీత గీశాం. అక్కడ నిలబడితే 5 సెంటీమీటర్లు సరిగ్గా 1 డిగ్రీలా కనిపిస్తుంది. అంటే ఆకాశంలో సప్తర్షులు కంటికి ఎంత పరచుకొని ఉంటారో గోడ మీదా అంతే. "ఇంత పెద్దగా ఉంటుందా!" అంది మా అక్క కూతురు. ఇన్నాళ్లూ పుస్తకంలో అగ్గిపెట్టెంత బొమ్మ చూసి, ఆకాశంలోనూ అంతే ఉంటుందని వెతుకుతోందట.

గీతలు మనవే

ఎనిమిది చుక్కలనూ చూపించి, "ఇందులో మీకేం కనిపిస్తోంది?" అని అడిగాను. గరిటె, గాలిపటం, క్రేను అన్నారు. ఉక్కు ఊరి పిల్లలు మరి. గ్రీకులకు ఇది పెద్ద ఎలుగుబంటిలో ఓ భాగం, ఇంగ్లండు రైతుకు నాగలి, మనకు ఏడుగురు ఋషులు. విదర్భలోని గోండు గ్రామాల్లో తిరిగి మయాంక్ వాహియా, గణేశ్ హల్కరే 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఇంకో కథ ఉంది. గిన్నెలోని నాలుగు చుక్కలు ఒక మంచం. వెనకాల ఉన్న మూడు చుక్కలు ఆ మంచాన్ని ఎత్తుకుపోవాలని చూస్తున్న దొంగలు. గోండులు ఛత్తీస్‌గఢ్‌లోనూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. పిల్లలకు ఋషుల కన్నా దొంగలే ఎక్కువ నచ్చారు.

కథలు మారినా చుక్కలు మారవు. కానీ ఆ చుక్కలు నిజంగా ఒకే గోడ మీద ఉన్నాయా? ఇది తేల్చడానికి 1 కాంతి సంవత్సరానికి 1 సెంటీమీటరు చొప్పున ఇంకో నమూనా కట్టాం. బల్ల అంచున కన్ను పెట్టే చోటు. అక్కడి నుంచి సుమారు 80 సెంటీమీటర్ల దూరంలో అయిదు పూసలు, 104 దగ్గర మరీచి, 123 దగ్గర క్రతువు. కన్ను పెట్టి చూస్తే గరిటె. రెండడుగులు పక్కకు జరిగితే గరిటె చెదిరిపోయింది. మధ్యలోని అయిదూ మాత్రం కలిసే ఉన్నాయి. అవి నిజంగానే ఒకే గుంపుగా పుట్టి, ఒకే దిశలో ప్రయాణిస్తున్నాయి. కొసల్లో ఉన్న రెండూ వేరే దారిన పోయేవి.

అరుంధతి, వసిష్ఠుడు కూడా ఆ గుంపులోవే. దూరదర్శినులూ వర్ణపటాలూ చూపించిన దాని ప్రకారం వసిష్ఠుడు నాలుగు నక్షత్రాల కుటుంబం, అరుంధతి రెండు నక్షత్రాల జంట. పెళ్లిలో ఒక్క చుక్కను చూపించమంటే అక్కడ ఆరుగురున్నారు. వాళ్లు మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నారు. ఈ రాత్రి మన కంటికి చేరే వెలుగు బయలుదేరినప్పుడు భిలాయిలో ఉక్కు కర్మాగారమే లేదు.

నీళ్ల ట్యాంకు నీడలో

గోడ మీద చూడటం అలవాటయ్యాక మేడ ఎక్కాం. భిలాయి 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి ధ్రువ నక్షత్రం ఉత్తర దిక్కున నేలకు 21 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. నేల నుంచి రెండు పిడికిళ్లు. పిల్లలు దాన్ని వెంటనే పట్టుకున్నారు. దాని పైన, ఎత్తులో బోర్లించిన గరిటెలా సప్తర్షులు. అత్రి కూడా కష్టం మీద దొరికాడు. అరుంధతి మాత్రం లేదు.

"గోడ మీదే బాగుంది" అన్నాడో పిల్లాడు నీరసంగా. నాకూ అలాగే అనిపించింది. బొమ్మ చేసి ఆకాశం మీద ఆశ పెంచి, ఆకాశం దగ్గరికొచ్చాక చేతులెత్తేయడమా?

అప్పుడే గమనించాను. వీధి చివర ఎల్‌ఈడీ దీపం నేరుగా మా కళ్లలోకి కొడుతోంది. మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక్కి, ఆ దీపం కనిపించని చోటికి జరిగాం. సెల్‌ఫోన్లన్నీ లోపల పెట్టేశాం. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను తెర చూసినా ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పెళ్లి పందిరిలో ట్యూబులైట్ల కింద నిలబడి మేమంతా తలూపడంలో అర్థమేముంది?

అరగంట కథలతో గడిపాం. తర్వాత వసిష్ఠుడిని సూటిగా కాకుండా, చూపు కాస్త పక్కకు తిప్పి చూడమన్నాను. మసక వెలుతురును పట్టే కణాలు కంటిలో సరిగ్గా మధ్యన కాక, చుట్టూ ఎక్కువగా ఉంటాయి. కాసేపు నిశ్శబ్దం.

"పిన్నీ, ఉంది! గోడ మీద ఎటు ఉందో అటే ఉంది!"

తర్వాత నాకూ కనిపించింది. ఈసారి నిజంగానే తలూపాను.

ఆ రాత్రి మేం నేర్చుకున్నది ఇదీ. ఆకాశాన్ని దాచేవి రెండు. ఒకటి ఊరంతటి దీపాల కాంతి దుమ్ములో, గాలిలో చెదిరి ఏర్పడే తెల్లటి తెర. దాన్ని ఒక ఇల్లు మార్చలేదు. రెండోది మన కంట్లో పడే దగ్గరి దీపం. దీన్ని మాత్రం ఒక ట్యాంకు నీడ, ఒక స్విచ్చు, దీపానికి ఒక మూత మార్చగలవు. వీధి దీపం కాంతి కిందికే పడేలా పైనా పక్కలా కప్పు ఉంటే, తెల్లటి నీలం ఛాయకు బదులు పసుపు ఛాయ దీపం వాడితే, రోడ్డుకు వెలుగు తగ్గదు, ఆకాశానికి పోయేది తగ్గుతుంది. నీలం కాంతి గాలిలో ఎక్కువగా చెదురుతుంది కాబట్టి ఆ ఛాయ దీపాలతోనే చిక్కు ఎక్కువ. నాగపూర్ ప్రాంతంలోని పెంచ్ పులుల అభయారణ్యం మహారాష్ట్ర భాగానికి 2024 జనవరిలో మన దేశంలో తొలి డార్క్ స్కై పార్కుగా గుర్తింపు వచ్చింది. చుట్టుపక్కల గ్రామాల్లో దీపాలను కిందికి తిప్పడం ఆ పనిలో భాగమే.

మీ ఊళ్లో అరుంధతి ఉందా?

మీ ఇంట్లో పెళ్లి ఉన్నా లేకపోయినా ఈ లెక్క చూసుకోవచ్చు. మాఘ మాసంలో అరుంధతి రాత్రి పొద్దుపోయాక ఈశాన్యంలో పైకి వస్తుంది. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో రాత్రి 9 గంటలకు ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటుంది. శ్రావణంలో పొద్దుగుంకాక వాయవ్యం వైపు చూడాలి. కార్తీక, మార్గశిర మాసాల్లో అర్ధరాత్రి దాటేవరకూ సాధారణంగా కనిపించదు. ఆ నెలల్లో సాయంత్రం పెళ్లిలో ఎవరైనా చూశామంటే మర్యాదకు అన్నారనే అర్థం.

చంద్రుడు లేని రాత్రి, కళ్లలో దీపం పడని చోట, అరగంట ఆగి చూడండి. అరుంధతి కనిపిస్తే మీ ఆకాశం 4వ మాగ్నిట్యూడ్ దాకా బతికే ఉందన్నమాట. కనిపించకపోతే అత్రి ఉన్నాడేమో చూడండి. ఆయనది 3.3. తేదీ, సమయం, చోటు ఓ నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. 2006 నుంచి నడుస్తున్న 'గ్లోబ్ ఎట్ నైట్' కార్యక్రమానికి ఇలాంటి పరిశీలనలను ఎవరైనా పంపవచ్చు. ఇందాక చెప్పిన 51 వేల పరిశీలనలు దానికి చేరినవే.

నల్ల దుప్పటి ఇప్పటికీ సుపేలాలోని ఆ గోడ మీదే ఉంది. ఈమధ్య అక్క ఫోను చేసి, కూతురు గది దీపం ఆర్పాక కూడా చాలాసేపు మేలుకొని దాన్నే చూస్తోందని ఫిర్యాదు చేసింది. తర్వాత ఫోను ఆ పిల్లే తీసుకుంది. కాలనీలో ఇంకో పెళ్లికి వెళ్లిందట. అరుంధతిని చూపించే వేళకు ముందే పెళ్లికొడుకు దగ్గరికి వెళ్లి, "ట్యాంకు వెనక్కి రండి, అక్కడి నుంచి కనిపిస్తుంది" అని చెప్పిందట.

"వచ్చారా మరి?" అన్నాను.

"వచ్చారు పిన్నీ. పంతులుగారు కూడా వచ్చారు."